దెబ్బతిన్న డీఎన్‌ఏను దాటడానికి ఈస్ట్‌కు రెండు దారులు: ఏది మేలు?

అతినీలలోహిత కిరణాలు తగిలితే ఈస్ట్ డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు థైమీన్ అక్షరాలు (బేసులు) ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నకలు తీస్తూ వచ్చే మామూలు పాలిమరేజ్ అక్కడ నిలిచిపోతుంది. ఆ అతుకును తీసేయడం మరమ్మతు ఎంజైముల పని. అది జరిగేదాకా ఆగకుండా దెబ్బను దాటిపోవడానికి రొట్టెల ఈస్ట్‌కు రెండు దారులున్నాయి: దెబ్బ మీదుగానే రాసుకుంటూ పోవడం, లేదా అప్పుడే తయారైన జంట పోగును చూసి రాసుకోవడం.

దారి తేలేది పీసీఎన్‌ఏ దగ్గర. డీఎన్‌ఏ చుట్టూ ఉంగరంలా ఉండి పాలిమరేజ్‌ను ఊడిపోనివ్వని ప్రొటీన్ ఇది. దాని 164వ స్థానంలోని లైసీన్ అనే అమైనో ఆమ్లానికి రాడ్6, రాడ్18 అనే ప్రొటీన్లు కలిసి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను ఒక్కదాన్ని తగిలిస్తే మొదటి దారి. రాడ్5, ఎంఎంఎస్2, యూబీసీ13 దాన్ని గొలుసుగా పెంచితే రెండోది. 2002లో ఇది వెల్లడైంది. ఇంత పెద్ద నిర్ణయం ఒక్క లైసీన్ మీద నడుస్తుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

కచ్చితత్వానికైతే జంట పోగే మేలు. బేసు పూర్తిగా ఊడిపోయిన చోట ఈ తేడా బాగా తెలుస్తుంది. దెబ్బ మీదుగా వెళ్లే రెవ్1 అనే ఎంజైము అక్కడ ఎక్కువగా సైటోసీన్‌నే పెడుతుంది. అసలు అక్షరం ఏమిటో జంట పోగు నుంచే తెలియాలి. కాకపోతే ఈ దారిలో పోగులు ముడిపడతాయి, వాటిని తర్వాత ఎస్‌జీఎస్1 అనే ప్రొటీన్ బృందం విప్పాలి.

అలాగని మొదటిదాన్ని తప్పుల దారి అని కొట్టిపారేస్తే ఒప్పుకోను. రాడ్30 జన్యువు నుంచి వచ్చే పాలిమరేజ్ ఈటా, అతుక్కున్న థైమీన్‌ల ఎదుట సాధారణంగా సరైన రెండు అడినైన్‌లనే పెడుతుంది. మనుషుల్లో ఇదే ఎంజైము లోపిస్తే జీరోడెర్మా పిగ్మెంటోసం అనే జబ్బులో ఒక రకం వస్తుంది. ఎండ తగిలే చర్మానికి క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. థైమీన్ అతుకుకు నా ఓటు ఈటాకే.

తప్పులు ఎక్కువగా వచ్చేది దెబ్బ మీదుగా వెళ్లే మరో ఎంజైము, పాలిమరేజ్ జీటా వల్ల. కెనవనిన్ అనే విషం కలిపిన పళ్లెం మీద క్యాన్1 జన్యువు చెడిన కణాలే పెరుగుతాయి. కిరణాలు పడ్డ ఈస్ట్‌ను అందులో పరిస్తే అలాంటి కణాల గుంపులు తెల్లని చుక్కలుగా చాలా లేస్తాయి. జీటాకు కీలకమైన రెవ్3 జన్యువును తీసేసిన ఈస్ట్‌లో అవి బాగా తగ్గిపోతాయి. అంటే ఆ మార్పుల్లో ఎక్కువ భాగం కిరణాలు నేరుగా రాసినవి కావు, దెబ్బను దాటే తొందరలో కణమే రాసుకున్నవి. అయినా జీటాను వద్దనలేను: మిగతా దారులు మూసుకుపోయిన చోట తప్పుతోనైనా నకలు పూర్తిచేసేది అదే.