క్యూబా ఒకలా, ఫిలిప్పీన్స్ ఇంకోలా

1898లో స్పెయిన్‌పై గెలిచాక అమెరికా చేతికి క్యూబా, ఫిలిప్పీన్స్ ఒకేసారి చిక్కాయి. రెండింటితో నడుచుకున్న తీరు మాత్రం ఒకటి కాదు.

క్యూబాను కలుపుకోబోమని యుద్ధానికి ముందే అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) టెల్లర్ సవరణ అనే తీర్మానంలో రాసిచ్చింది. అందుకే 1902 మే 20న స్వాతంత్ర్యం ఇచ్చారు. ఇచ్చారనే గానీ, అమెరికా కాంగ్రెస్ చేసిన ప్లాట్ సవరణ షరతులను క్యూబా రాజ్యాంగంలోనే పెట్టించారు: అవసరమనుకుంటే అమెరికా జోక్యం చేసుకోవచ్చు, నౌకా స్థావరాలకు చోటివ్వాలి. గ్వాంటనామో నౌకా స్థావరం అలా వచ్చిందే. ఇల్లు నీదే, తాళంచెవి నా దగ్గరుంటుంది అన్నట్టు! 1906లో నిజంగానే సైన్యం మళ్లీ దిగింది.

ఫిలిప్పీన్స్‌కు ఆ పాటి హామీ కూడా లేదు. పారిస్ ఒప్పందం ప్రకారం స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లిచ్చి తీసుకున్నారు. అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిప్పీన్స్ నాయకుడు అగినాల్డోను అడిగినవాళ్లు లేరు. 1899 ఫిబ్రవరి 4న మనీలా దగ్గర అమెరికా సైన్యానికీ ఆయన సేనలకూ మధ్య కాల్పులు మొదలయ్యాయి. రెండు రోజులకే అమెరికా సెనేట్ 57–27 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించింది. స్వాతంత్ర్యం 1946 దాకా రాలేదు.

నా లెక్కలో క్యూబాకే కాస్త తక్కువ దెబ్బ. నాకు మింగుడుపడనిది ఇంకొకటి: ఫిలిప్పీన్స్‌ను వదలకూడదని సెనేట్‌లో గట్టిగా వాదించిన సెనేటర్ బెవరిడ్జే, స్వదేశంలో బాలకార్మికుల కోసం, మాంసం తనిఖీ చట్టం కోసం పోరాడిన సంస్కర్త.