అడాప్టివ్ సస్పెన్షన్ విలువ కంఫర్ట్ మోడ్‌లోనే ఉంది: మిషిగన్ రోడ్ల మీద నా అనుభవం

స్పోర్ట్స్ సెడాన్ కొనేటప్పుడు అడాప్టివ్ సస్పెన్షన్ (బటన్ నొక్కితే మెత్తటి కంఫర్ట్, గట్టి స్పోర్ట్ మోడ్‌ల మధ్య మారే సస్పెన్షన్) తీసుకునేవారిలో చాలామంది స్పోర్ట్ మోడ్‌ను చూసి డబ్బు పెడతారు. అలాంటి కారు కొన్నేళ్లుగా నా దగ్గర ఉంది, డెబ్బై వేల మైళ్లు దాటింది. నా అనుభవంలో ఆ అదనపు డబ్బుకు దక్కిన ప్రతిఫలమంతా కంఫర్ట్ మోడ్‌లోనే ఉంది. ఆ ఒక్క మోడ్ మీద నాకు ఎంత ఇష్టమో, దాన్ని నిలబెట్టుకోవడానికి పడిన పాట్ల మీద అంత కోపం కూడా ఉంది. కారు పేరు రాయడం లేదు. ఇంజిను, గేర్లు, తెర వంటివాటి గురించి ఇప్పటికే అందరూ రాశారు కాబట్టి వాటి జోలికి పోను.

పోల్చి చూసే అవకాశం నాకు ఇంట్లోనే దొరికింది. మా తోడల్లుడుగారి దగ్గర ఇదే కారు, ఇదే ఇంజినుతో ఉంది. ఆయన మామూలు సస్పెన్షన్, 18 అంగుళాల చక్రాలు తీసుకున్నారు. నాది అడాప్టివ్, 19 అంగుళాలు. ఆయన నోవైలో, మేము కాంటన్‌లో ఉంటాం, రెండూ డెట్రాయిట్ శివారు ఊళ్లే. రెండు కుటుంబాలు కలిసి ఎక్కడికి వెళ్లినా తాళాలు మార్చుకోవడం మాకు అలవాటైపోయింది.

సస్పెన్షన్ సంగతి తేల్చుకోవాలంటే మిషిగన్‌ను మించిన చోటు లేదు. చలికాలంలో పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తుంది, ఎండ తగలగానే కరిగి లోపల ఖాళీ వదిలేస్తుంది. దాని మీద బరువు పడగానే పైపొర కూలిపోతుంది. ఆ బరువూ తక్కువది కాదు. పదకొండు ఇరుసుల ట్రక్కులకు ఈ రాష్ట్రంలో 1,64,000 పౌండ్ల వరకు అనుమతి ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టెలిగ్రాఫ్ రోడ్డు మీద నడిపేవారికి ఇదంతా చెప్పనక్కర్లేదు. గుంతలు లేనిచోట కాంక్రీటు పలకల అతుకులు ఉంటాయి, ఫ్రీవే మీద అవి ఒకే లయలో మైళ్ల తరబడి నడుముకు తగులుతూనే ఉంటాయి.

ఆ అతుకుల దగ్గరే ఈ కారు నన్ను ఆశ్చర్యపరిచింది. వేసవిలో మా అత్తగారు వచ్చారు. ఆవిడకు వెన్నుపూస డిస్కు సమస్య ఉంది, ఎక్కువసేపు కూర్చోలేరు. ఐ-275 ఫ్రీవే మీదుగా నోవై వెంకటేశ్వరస్వామి గుడికి మొదటిసారి తోడల్లుడుగారి కారులో వెళ్లాం. వెనుక సీట్లో ఆవిడ రెండు చేతులూ పక్కన ఆనించి, అతుకు వచ్చినప్పుడల్లా ఒళ్లు కొంచెం పైకి లేపి పట్టుకోవడం అద్దంలో కనిపించింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మరుసటి వారం అదే దారిలో నా కారులో తీసుకెళ్లాను. ఎక్కగానే కంఫర్ట్ మోడ్‌లో పెట్టాను. లివోనియా దాటేసరికి ఆవిడ తల పక్కకు వాలి నిద్రపోయారు. గుడి దగ్గర దిగుతూ, "ఈ దారి బాగు చేశారా అల్లుడుగారూ?" అని అడిగారు. దారి అదే, వేగమూ ఇంచుమించు అదే. ఆ ఆప్షన్ కోసం నేను కట్టిన ప్రతి డాలరూ ఆ ప్రశ్నతో తీరిపోయిందనిపించింది. ఇప్పటికీ ఆ మాట మార్చుకోను.

ఇది ఎలా సాధ్యమవుతుందో తెలిస్తే, ఎక్కడ సాధ్యం కాదో కూడా తెలుస్తుంది. కారు బరువును మోసేది స్ప్రింగులు. డాంపర్ (షాక్ అబ్జార్బర్) పని ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచడం. లోపలి నూనెను సన్నటి దారుల్లోంచి నెట్టి, కదలికను వేడిగా మారుస్తుంది. మామూలు డాంపర్‌లో ఆ దారులు ఎంత ఇరుకుగా ఉండాలో ఫ్యాక్టరీలోనే నిర్ణయమైపోతుంది. అడాప్టివ్ డాంపర్‌లో విద్యుత్తుతో నడిచే కవాటం ఉంటుంది. చక్రాలు, బాడీ ఎలా కదులుతున్నాయో సెన్సర్లు చెబుతుంటే, కంప్యూటర్ ఆ కవాటాన్ని సెకనుకు ఎన్నోసార్లు సర్దుతుంది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్నవాళ్లం కాబట్టి ఇంకొకటీ చెప్పుకోవాలి: కవాటంతో పని లేకుండా, నూనెలోనే ఇనుప రేణువులు కలిపి అయస్కాంత క్షేత్రంతో దాన్ని చిక్కబరిచే పద్ధతిని జనరల్ మోటార్స్ 2002 నాటి కాడిలాక్ సెవిల్‌లో తెచ్చింది. నా కారులోది ఆ రకం కాదు.

పద్ధతి ఏదైనా పరిమితి ఒకటే. డాంపర్ మారుతుంది కానీ, స్ప్రింగు మారదు, కారు ఎత్తు మారదు, టైరు పక్కగోడ ఎత్తు అసలే మారదు. నిట్టనిలువు అంచున్న గుంతలో చక్రం పడితే మొదటి దెబ్బ టైరుదే. ఆ దెబ్బను కంఫర్ట్ మోడ్ కొంత మెత్తబరుస్తుంది తప్ప మాయం చేయలేదు. నవంబరులో నేను 18 అంగుళాల చక్రాలకు చలికాలపు టైర్లు వేయిస్తాను; చక్రం చిన్నదైతే టైరు పక్కగోడ ఎత్తుగా ఉంటుంది. విరిగిన రోడ్డు మీద ఆ మార్పు ఇచ్చే మెత్తదనం, స్పోర్ట్ నుంచి కంఫర్ట్‌కు మారితే వచ్చేదానికన్నా ఎక్కువే. తోడల్లుడుగారి కారు గుంతల్లో నా 19 అంగుళాల కారుకన్నా హాయిగా వెళ్తుంది, అతుకుల మీద మాత్రం నాదే మేలు. కాబట్టి అత్తగారి నిద్ర గురించి రాసినది ఫ్రీవే అతుకులకూ, వంతెనల దగ్గరి ఎగుడుదిగుళ్లకూ వర్తిస్తుంది. టెలిగ్రాఫ్ రోడ్డు గుంతలకు వర్తించదు. గడ్డకట్టే చలిలో, నూనె వేడెక్కేదాకా మొదటి కొన్ని మైళ్లు ఏ మోడ్ అయినా ఒకేలా బిగుసుకుని ఉంటుంది.

ఇక స్పోర్ట్ మోడ్. ఆన్ ఆర్బర్ నుంచి డెక్స్‌టర్ వైపు నదిని ఆనుకుని సాగే హ్యూరాన్ రివర్ డ్రైవ్ ఈ ప్రాంతంలో మలుపులంటే ఇష్టపడేవారందరికీ తెలిసిన రోడ్డు. స్పోర్ట్‌లో పెడితే స్టీరింగు తిప్పీ తిప్పగానే కారు స్పందిస్తుంది, అది నిజమే. కానీ మలుపు మధ్యలో కారు ఎంత ఒరగాలో నిర్ణయించేది స్ప్రింగులూ, యాంటీ రోల్ బార్లూ (రెండు పక్కల చక్రాలనూ కలిపి ఒరుగును తగ్గించే కడ్డీలు). డాంపర్ ఆ ఒరుగు ఎంత త్వరగా రావాలో మాత్రమే చెబుతుంది. ఆ రోడ్డు మీద గుంతలు పూడ్చి మాసికలేసిన తారు చాలా ఉంది, స్పోర్ట్‌లో చక్రాలు నేలను వదిలి ఎగిరినట్టు అనిపిస్తుంది. అక్కడ నాకు తోడల్లుడుగారి కారే నచ్చుతుంది. నిన్న ఎలా స్పందించిందో ఈరోజూ అలాగే స్పందిస్తుంది, చేతులు దానికి అలవాటు పడతాయి. నా కారులో కంప్యూటర్ ఏ క్షణాన ఏం నిర్ణయించిందో ఊహించుకోవాలి. మామూలు సస్పెన్షన్ అంటే పాతకాలపుది అనుకోవడమూ సరికాదు. 2019 మోడల్ బీఎండబ్ల్యూ 3 సిరీస్ మామూలు సస్పెన్షన్‌లోనే, చక్రం కదిలే దూరాన్ని బట్టి గట్టిపడే డాంపర్లు వచ్చాయి. వాటికి వైరు లేదు, కంప్యూటర్ లేదు.

మరమ్మతు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వారంటీ ఉండగానే ఒక సర్వీసులో వెనుక ఎడమ డాంపర్ మీద నూనె చెమ్మ కనిపించింది. కొద్దిపాటి చెమ్మ మామూలేనని, కారితేనే మారుస్తామని సర్వీసు సలహాదారు అన్నారు. అందులో అబద్ధం లేదు, తయారీదార్లు ఆ తేడా పాటిస్తారు. కానీ చెమ్మ ఎప్పుడు కారుడు అవుతుందో తేల్చేది వాళ్లే. "నూనె చెమ్మ గమనించాం" అని సర్వీసు కాగితం మీద రాయమని పట్టుబట్టాను. అయిష్టంగానే రాశారు.

మరుసటి చలికాలం చివర్లో, 50 వేల మైళ్ల వారంటీ దాటిపోయాక, సస్పెన్షన్ హెచ్చరిక వెలిగింది. మోడ్‌లు మారడం ఆగిపోయింది. వంతెన దిగినప్పుడల్లా వెనుక భాగం ఒకటికి రెండుసార్లు ఊగేది, ఖాళీ వీధిలో కూడా టకటకమని చప్పుడు. అదే డీలరు దగ్గర ఈసారి "కారుతోంది, వారంటీ లేదు, ఒకే ఇరుసు మీదివి కాబట్టి రెండూ మార్చాలి" అన్నారు. రెండూ మార్చాలన్న మాటలో న్యాయం ఉంది. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది ఉంటే కారు సమంగా నిలవదు. ధర చూశాకే మనసు చివుక్కుమంది. ఒక్కో డాంపర్ మామూలుదానికన్నా మూడు రెట్లకు పైనే ఉంది. బయటి మెకానిక్ ఒకాయన ఇంకో దారి చెప్పారు: నాలుగూ మామూలువి బిగించి, హెచ్చరిక రాకుండా కంప్యూటర్‌లో ఆ వ్యవస్థను తీసేయవచ్చని. లెక్కకు చవకే. కానీ అత్తగారు మళ్లీ వేసవికి వస్తున్నారు, నేను ఒప్పుకోలేకపోయాను.

పాత సర్వీసు కాగితం పట్టుకుని డీలరు మేనేజరు దగ్గరకు వెళ్లాను. రెండు వారాలు తిప్పించుకున్నాక, ఎడమ డాంపర్ ధరలో కొంత భాగం తయారీదారు భరించేలా చేశారు. కూలీ, కుడి డాంపర్ నా ఖర్చే. ఆ కాగితం మీద ఒక్క వాక్యం లేకపోతే అదీ వచ్చేది కాదు. ఇలాంటి కారు కొన్నవారు ఎవరైనా చెమ్మ కనిపించిన రోజే రాయించుకోండి, ఫొటో తీసి పెట్టుకోండి.

మామూలు డాంపర్లు పాడవవని కాదు. తోడల్లుడుగారి కారులోనూ ముందు వైపు ఒకటి పోయింది. ఆయన మా ఊరి గ్యారేజీలో ఉదయం ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నారు. నా ఒక్క డాంపర్ ధరలో ఆయనకు రెండూ, కూలీతో సహా వచ్చేశాయి. ఉప్పు చల్లే రోడ్ల మీద ఇది ఎప్పుడో ఒకప్పుడు అందరికీ వచ్చే ఖర్చే.

కొనబోయేవారికి ఒక చిక్కు ఏమిటంటే, చాలా కార్లలో దీన్ని విడిగా తీసుకోవడం కుదరదు. 2018 హోండా అకార్డ్‌లో ఇది టూరింగ్ ట్రిమ్‌తోనే (అదే కారులో సౌకర్యాలను బట్టి ఉండే శ్రేణి) వచ్చేది, 2022 ఫోక్స్‌వ్యాగన్ జెట్టా జీఎల్ఐలో ఆటోబాన్ ట్రిమ్‌తోనే. పై ట్రిమ్ అంటే తరచుగా పెద్ద చక్రాలు కూడా. ఒక చేత్తో ఇచ్చిన మెత్తదనాన్ని ఇంకో చేత్తో తీసుకున్నట్టు ఉంటుంది. వీలైతే అడాప్టివ్‌తో చిన్న చక్రాలు అడగండి, లేదంటే కొన్నాక మార్చుకోండి.

తోడల్లుడుగారు వచ్చే ఏడాది కారు మారుద్దామనుకుంటూ నన్ను అడిగారు. మూడేళ్ల లీజు అయితే తప్పకుండా తీసుకోమన్నాను. పదేళ్లు ఉంచుకుంటే, వెనుక సీట్లో నడుము నొప్పి ఉన్నవారు ఎవరూ లేకపోతే, 18 అంగుళాల చక్రాలతో మామూలు సస్పెన్షన్ చాలన్నాను. నా మటుకు నేను మళ్లీ అడాప్టివ్‌నే తీసుకుంటానేమో, కానీ అది మా ఇంటి అవసరం, ఫ్రీవే మీద నేను గడిపే సమయం చూసి తీసుకునే నిర్ణయం. పొడిగింపు వారంటీ కొనే ఆలోచన ఉన్నవారు మాత్రం సంతకానికి ముందే ఆ ఒప్పందం పూర్తిగా చదవాలి. చాలావాటిలో షాక్ అబ్జార్బర్లను అరిగిపోయే భాగాల జాబితాలో చేర్చి పక్కన పెట్టేస్తారు, ఎలక్ట్రానిక్ డాంపర్లు ఆ జాబితాలోకి వస్తాయో రావో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.