హీబ్రూ పేర్ల నిఘంటువు: కొనవచ్చు, కాని సరిచూసుకుంటూ చదవాలి

విశాఖపట్నం పాతనగరంలోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో దొరుకుతున్న హీబ్రూ పేర్ల చిన్న నిఘంటువును, మా బంధువుల ఇంట పుట్టిన ఆడబిడ్డకు పేరు వెతుకుతూ కొని, చివరిదాకా చదివాను. పిల్లలను జాన్, జేమ్స్, ఎలిజబెత్ అని పిలుచుకుంటూ, ఆదివారం నాడు తెలుగు బైబిలులో యోహాను, యాకోబు, ఎలీసబెతు అని చదివే కుటుంబాలు మన నగరంలో ఎన్నో ఉన్నాయి. ఇవి ఒకే పేర్లని ఎరుగనివారికి, తెలుగు రూపాన్నీ ఆంగ్ల రూపాన్నీ హీబ్రూ ఉచ్చారణనూ ఒకే వరుసలో చూపిన ఈ పుస్తకం ఎంతో ఉపకరిస్తుంది.

నాకు మిక్కిలి నచ్చినది, ఒకే ధాతువు నుండి పుట్టిన పేర్లను ఒకచోట చేర్చడం. యోహానుకు మూలమైన యోహానాన్ అంటే ‘యెహోవా కృప చూపెను’ అని అర్థం. హన్నా అనే పేరూ ఆ కృపను తెలిపే ధాతువు నుండే వచ్చింది. లూకా సువార్త 2వ అధ్యాయంలో కనిపించే ప్రవక్త్రి ‘అన్న’ పేరు కూడా ఇదే. హీబ్రూలో ఆ పేరు మొదటనున్న ‘హ’ అక్షరానికి గ్రీకు లిపిలో సరిజోడు లేనందున అది రాలిపోయింది. ఈ సంగతి తెలియక ఆ పేరును మన ‘అన్న’గా తలచేవారికి ఈ ఒక్క పుట చాలు. దానియేలు, సమూయేలు, ఇమ్మానుయేలు పేర్ల చివరనున్న ‘ఏలు’ దేవుణ్ణి సూచిస్తుందన్న వివరణ కూడా స్పష్టంగా ఉంది.

అయితే పేతురు, ఫిలిప్పు, స్తెఫను అనే గ్రీకు పేర్లనూ, మార్త, తోమా అనే అరామిక్ (హీబ్రూకు సోదరభాష) పేర్లనూ హీబ్రూ పేర్లుగానే ముద్రించడం చిన్న లోపం కాదు. కేఫా (అరామిక్‌లో ‘రాయి’) అనే మాటకు పేతురు (గ్రీకులో ‘రాయి’) అని అర్థమని యోహాను 1:42లోనే ఉన్నప్పుడు, ప్రతి పేరుకూ వచన సంఖ్య ఇచ్చిన సంకలనకర్త దానిని చూడకపోవడం బాధ కలిగించింది. ‘మారా’ను ఆడపిల్లల పేర్లలో చేర్చి, దాని అర్థం ‘చేదు’ అని గాని, రూతు 1:20లో నయోమి తన దుఃఖంలో తనను అలా పిలవమన్నదని గాని చెప్పకపోవడం మరింత తప్పు.

అచ్చు చక్కగా ఉంది, వెల కూడా అందుబాటులోనే ఉంది. ప్రతి పేరు పక్కనా మూలభాషను సూచిస్తూ మలి ముద్రణ వెలువడేవరకు, కొన్నవారు నచ్చిన పేరు ఖాయం చేసే ముందు అక్కడిచ్చిన వచనాన్ని బైబిలులో తప్పక చదవాలి.