ఆక్సీ ఇన్ఫినిటీ: ఆట పసందు, లెక్క తప్పు

వియత్నాంకు చెందిన స్కై మేవిస్ సంస్థ 2018లో మొదలుపెట్టిన ఆక్సీ ఇన్ఫినిటీ అనే వీడియో గేమ్, కేవలం ఆటగా చూస్తే తీసిపారేయదగినది కాదు. మూడు బొమ్మ జంతువులను ముందూ వెనుకా నిలిపి, వాటి కొమ్ము, వీపు, తోక, నోటిని బట్టి వచ్చే కార్డులతో ఎదుటివారి ఎత్తును పసిగట్టి ఆడే పాత పోరులో పేకాటకు ఉండే పట్టు ఉంది. బొమ్మలు కూడా ముద్దొస్తాయి.

చిక్కంతా దాని ఆర్థిక వ్యవస్థతోనే. గెలిచినవారికి ఎస్ఎల్‌పీ అనే, అమ్మి డబ్బు చేసుకోగల క్రిప్టో టోకెన్లు వచ్చేవి; అవి ఖర్చయ్యే ప్రధాన మార్గం రెండు జంతువులను జతకట్టించి మూడోదాన్ని పుట్టించడమే. ఒక్కో జంతువు వివరాల్లో కనిపించే "0/7" అన్న అంకె ఆ కట్టడికి గుర్తు: ఏడుసార్లకు మించి జతకట్టే వీలు లేదు, ప్రతిసారీ రుసుము పెరుగుతుంది. కాగితం మీద ఇది చక్కగానే ఉంది గానీ, టోకెన్లను ఖర్చు చేయించిన ఆ పనే కొత్త జంతువును సంతకు తెచ్చింది, దాన్ని కొన్నవారు తామూ టోకెన్లు సంపాదించడం మొదలుపెట్టారు. చెరువు తూము తెరిచి, ఆ నీటిని తిరిగి అదే చెరువులోకి మళ్లించినట్టయింది.

కొత్తవారు వస్తున్నంత కాలం ఇది బయటపడలేదు. 2021లో జట్టు కొనే స్తోమత లేని ఫిలిప్పీన్స్ ఆటగాళ్లకు జంతువులను అప్పగించి, రాబడిలో వాటా తీసుకునే "స్కాలర్‌షిప్" పద్ధతి విస్తరించింది. మన పల్లెల్లో గొడ్లను పాలుకివ్వడం లాంటిదే ఇది, కాకపోతే ఈ గొడ్లు పాలివ్వవు. ఆ ఏడాది 30 అమెరికా సెంట్లు దాటిన టోకెన్ ధర 2022 ఫిబ్రవరికి సెంటు దరిదాపులకు పడిపోగా, కంప్యూటర్‌తో తలపడే అడ్వెంచర్ ఆటకూ రోజువారీ పనులకూ ఇచ్చే టోకెన్లను సంస్థే ఆపేసింది. ఈ ఆట నడిచే రోనిన్ నెట్‌వర్క్‌కూ ఇతర నెట్‌వర్క్‌లకూ మధ్య క్రిప్టో సొమ్మును చేరవేసే రోనిన్ బ్రిడ్జి నుంచి 1,73,600 ఈథర్ (ఒక క్రిప్టో కరెన్సీ) దొంగల పాలైంది ఆ తర్వాత మార్చిలో. కాబట్టి పతనాన్ని ఆ దోపిడీ మీదికి నెట్టడం సరికాదు.

మరో అంతరిక్ష ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో యుద్ధంలో పేలిన నౌక ఇక తిరిగి రాదు, అందుకే కొత్త నౌకకు గిరాకీ ఉంటుంది. ఆక్సీలో ఓడిన జంతువుకు ఏమీ కాదు.

2022లో ఈ ఆటకు కొత్త రూపంగా వచ్చిన ఆరిజిన్స్‌లో ఆరంభపు జట్టు ఉచితం కనుక సరదాకు దానితో ఆడడమే మేలు. కొని అమ్మి లాభపడదామనుకుంటే, మన దేశంలో ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకునే వీలు కూడా లేదు.