పోస్ట్ రాక్ మొదలుపెట్టాలంటే ఆస్టిన్ ఆల్బమా, మాంట్రియల్ ఆల్బమా?

పోస్ట్ రాక్ అంటే గిటార్లు, డ్రమ్ముల్లాంటి రాక్ వాయిద్యాలతోనే, మామూలు పాట రూపం వదిలేసి మెల్లగా అల్లుకుంటూ పోయే సంగీతం. అందులో మాటల్లేనిది ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ఎక్కువమంది రెండు ఆల్బమ్‌ల పేర్లు చెప్తారు. ఒకటి టెక్సస్‌లోని ఆస్టిన్ బ్యాండ్ ఎక్స్‌ప్లోషన్స్ ఇన్ ద స్కై 2003లో తెచ్చిన ‘ది ఎర్త్ ఈజ్ నాట్ ఎ కోల్డ్ డెడ్ ప్లేస్’. రెండోది కెనడాలోని మాంట్రియల్ నుంచి గాడ్‌స్పీడ్ యు! బ్లాక్ ఎంపరర్ బ్యాండ్ 2000లో తెచ్చిన ‘లిఫ్ట్ యువర్ స్కిన్నీ ఫిస్ట్స్ లైక్ యాంటెనాస్ టు హెవెన్’.

కొత్తవాళ్లకైతే నా ఓటు ఆస్టిన్‌కే. ఉన్నది నలుగురే, ట్రాకులు ఐదు, మొత్తం ముప్పావుగంట. మొదటి ట్రాక్‌లో గిటార్ ఒకే స్వరం పట్టుకుని మీటుతుంటే కింద డ్రమ్ గుండె చప్పుడులా మొదలవుతుంది, దాని మీద ఇంకో గిటార్, ఆ పైన ఇంకోటి, ఎప్పుడు పెద్దదైందో తెలీకుండానే గదంతా నిండిపోతుంది. రెండో ట్రాక్ ఇంకా ఘోరం (మంచి అర్థంలోనే!): చివర్లో ఇక అయిపోయిందిలే అనిపించేంత తగ్గి, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఎప్పుడూ ఇదే ట్రిక్కు, మెల్లగా మొదలెట్టి గోల చేయడమేగా అని విసుక్కునేవాళ్లున్నారు. నిజమే, కానీ ట్రిక్కు తెలిసిపోయాక కూడా పనిచేస్తోందంటే అందులో ఏదో ఉన్నట్టే కదా. మనలో సినిమా చూసొచ్చి బీజీఎం వెతుక్కునేవాళ్లకి ఇది ఇట్టే ఎక్కుతుంది. 2004లో ‘ఫ్రైడే నైట్ లైట్స్’ సినిమాకి సంగీతం ఇచ్చింది కూడా ఈ బ్యాండే.

గాడ్‌స్పీడ్ లెక్క వేరు. తొమ్మిది మంది, వయొలిన్, చెల్లో, గిటార్లు, నాలుగే ట్రాకులు, దాదాపు 87 నిమిషాలు. (యాడ్లు వచ్చే ఉచిత యాప్‌లో వినేవాళ్లకి ఇదొక సుఖం, ట్రాకుల మధ్య సందులు మూడే.) ఇందులో మనుషుల గొంతులు అక్కడక్కడా వినిపిస్తాయి. ‘స్లీప్’ అనే ట్రాక్ మొదట్లో ఒక పెద్దాయన న్యూయార్క్ కోనీ ఐలాండ్ పాత వైభవం చెప్పుకొస్తాడు, ఒకప్పుడు జనం ఆ బీచ్‌లోనే పడుకునేవాళ్లట, ఇప్పుడు ఎవరూ పడుకోవడం లేదని ఆయన బాధ. ఆ తర్వాత వచ్చే గిటార్ ఎవరో గుండెలు బాదుకుని ఏడుస్తున్నట్టే ఉంటుంది. ఆస్టిన్ వాళ్ల దగ్గర ఇంత బరువు దొరకదు, నాకు ఎక్కువకాలం వెంట వచ్చింది కూడా ఇదే.

కాకపోతే పని చేసుకుంటూ వినడానికి పనికిరాదు. బస్సులో అసలే వద్దు, నెమ్మది భాగాలు హారన్ల మోతలో కలిసిపోతాయి, వినపడట్లేదని సౌండ్ పెంచారో కాసేపటికి చెవులు గింగుర్లే. ఆస్టిన్ ఆల్బమ్‌కీ ఆ రోగం కొంత ఉంది గానీ, సగం వినిపించినా బండి నడుస్తుంది.

అందుకే ముందు ఆస్టిన్ ఆల్బమ్‌లో ఐదో ట్రాక్ ‘యువర్ హ్యాండ్ ఇన్ మైన్’ వినండి, ఎనిమిది నిమిషాలే. నచ్చితే మొత్తం వినండి. మరీ తియ్యగా ఉందనిపిస్తే నేరుగా ‘స్లీప్’కి వెళ్లిపోండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి. అది 23 నిమిషాలు. పది నిమిషాలకే ఆపేయకండి, అసలు సంగతి రెండో సగంలో ఉంది.