పాత డెస్క్‌టాప్‌తో లైనక్స్ రౌటర్: మూడేళ్ళ వాడకం తర్వాత

పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించి ఇంటి రౌటర్‌గా వాడుతున్నాను. మూడేళ్ళలో లైనక్స్ ఒక్కసారీ మొరాయించలేదు. మొరాయించిందల్లా దాని కిందున్న పాత సామాను. శ్రీకాకుళంలో ఉప్పుగాలి, వేసవి సాయంత్రాల ఉరుములు, పోతూ వస్తూ ఉండే కరెంటు, ఈ మూడింటికీ తట్టుకుంటేనే ఇది రౌటర్ కింద లెక్క.

పెట్టె కోర్ 2 డ్యుయో, 4 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, లైనక్స్‌లో డెబియన్ 12 రకం. 100 ఎంబీపీఎస్ ఫైబర్‌కి ఇది ఎక్కువే. బోర్డు మీది రియల్‌టెక్ పోర్టు ఇంట్లోకి, ఇంటెల్ 82574ఎల్ చిప్ ఉన్న నెట్‌వర్క్ కార్డు బయటి లైనుకి. కార్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్‌దే అడిగి కొనండి. పాత పీసీఐ బస్సు మొత్తానికీ కలిపి సెకనుకు 133 మెగాబైట్లే, 100 ఎంబీపీఎస్‌కి చాలినా గిగాబిట్‌కి ఇరుకే. కార్డును వేరే స్లాట్‌లోకి మారిస్తే ఇంటర్‌ఫేస్ పేరు మారిపోవచ్చు, ఏ ట్రాఫిక్ రావాలో చెప్పే ఫైర్‌వాల్ రూల్సేమో పాత పేరునే పట్టుకుని ఉంటాయి. మ్యాక్ అడ్రసును (పోర్టుకి ఉండే సొంత నంబరు) బట్టి బయటి లైనుకి వ్యాన్0, ఇంట్లోకి ల్యాన్0 అని సిస్టమ్‌డీ లింక్ ఫైళ్ళలో ముందే పేర్లు పెట్టేస్తే ఆ గొడవ ఉండదు.

ఫైబర్ పెట్టెను బ్రిడ్జి మోడ్‌లో (తాను రౌటర్ పని చేయకుండా లైనును దాటించే తీరు) పెట్టించి, లైనుకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు కాగితం మీద రాయించుకోండి. ఆ పెట్టె మార్చినప్పుడల్లా బ్రిడ్జి సెట్టింగ్ ఎగిరిపోతుంది. వచ్చిన ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది సీజీన్యాట్, అంటే ఒకే బయటి ఐపీని చాలా ఇళ్ళకు పంచడం. బయటినుంచి ఇంటి పరికరానికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ కోసం తల బద్దలు కొట్టుకోవద్దు.

కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతుంటే అనుమానించాల్సింది ఎంటీయూని, అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజుని. పీపీపీఓఈ 8 బైట్లు తినేస్తుంది, 1500లో మిగిలేది 1492. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) ఫార్వర్డ్ చెయిన్‌లో ప్యాకెట్ సైజును తగ్గించే ఎంఎస్‌ఎస్ క్లాంప్ రూలు ఒక్కటి రాస్తే సరి. ప్యాకెట్ పెద్దదైందన్న కబురు తెచ్చే ఐసీఎంపీని గంపగుత్తగా ఆపేసినవాళ్ళకీ ఇదే జబ్బు వస్తుంది.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. రూల్స్ అన్నీ ఐపీవీ4 ఒక్కదాన్నే చూసే ఐపీ ఫ్యామిలీ టేబుల్‌లో రాసి ఊరుకుంటారు. ఐపీవీ6 దానిలోకి రాదు, న్యాట్ (ఇంటి పరికరాలన్నీ ఒకే ఐపీ వెనుక దాగే పద్ధతి) చాటూ ఉండదు, ఇంట్లో టీవీ దగ్గర్నుంచి కెమెరా దాకా బయటికి తలుపు తీసినట్టే. టేబుల్‌ని రెండు రకాల ఐపీనీ చూసే ఇనెట్ ఫ్యామిలీలో తెరిచి, ఇన్‌పుట్ (రౌటర్‌కి వచ్చేది), ఫార్వర్డ్ (దాని గుండా పోయేది) రెండింటికీ పాలసీ డ్రాప్ (అనుమతి లేనిదంతా పారేయడం) పెట్టండి.

ప్యాకెట్ల వరసను సర్దే కేక్ క్యూను లైను వేగంలో 90–95 శాతానికి కట్టాక, పిల్లలు వీడియో అప్‌లోడ్ చేస్తున్నా కాల్ ముక్కలవడం లేదు. ఈ ఒక్కదానికైనా పెట్టొచ్చు. పాత వైఫై రౌటర్‌లో ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, ఐపీ మార్చి, కేబుల్ ల్యాన్ పోర్టులోనే గుచ్చితే అది వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్.

అసలు తంటా బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బ్యాటరీ బిళ్ళతో. అది అయిపోయిన సంగతి కరెంటు పోయేదాకా తెలియదు. కరెంటు వచ్చింది, పెట్టె లేచింది, పీపీపీఓఈ ఎక్కింది, పింగ్ వెళ్తోంది. పేజీ మాత్రం ఒక్కటీ తెరుచుకోదు. చూస్తే తేదీ ఏళ్ళ కిందటిది. సైటు పేరును ఐపీ నంబరుగా మార్చేది డీఎన్‌ఎస్, ఆ జవాబు అసలుదని చెప్పేవి డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు. వాటికి మొదలు, ముగింపు తేదీలుంటాయి కాబట్టి అన్‌బౌండ్ (పెట్టెలోని డీఎన్‌ఎస్ సర్వర్) వాటిని చెల్లవంటుంది. గడియారం సరిచేసుకోవాలంటే టైమ్ సర్వర్ చిరునామా కావాలి, ఆ చిరునామా కావాలంటే డీఎన్‌ఎస్ కావాలి. పిచ్చి కుదిరితే పెళ్ళి, పెళ్ళయితే పిచ్చి కుదురుతుందన్నట్టే. గడియారం సరిచేసే క్రోనీలో ఒక సర్వర్‌ని పేరుతో కాకుండా ఐపీ నంబరుతో ఇవ్వండి, బిళ్ళ మార్చండి. బిళ్ళ పోతే బయాస్‌లో కరెంటు రాగానే దానంతటదే లేచే సెట్టింగ్ కూడా చెరిగిపోవచ్చు. కొన్ని బోర్డులు ఎఫ్1 నొక్కమని కూర్చుంటాయి, కీబోర్డేమో ఉండదు.

వానాకాలం తర్వాత పెట్టె లేవకుండా బీప్ కొడితే ర్యామ్ తీసి, బంగారు అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి. సముద్రం వైపు కిటికీ కింద మాత్రం పెట్టకండి. ఉరుములప్పుడు భయం ఎక్కువగా అడాప్టర్ కరెంటు తీగతోనే. రౌటర్‌నీ ఫైబర్ పెట్టెనీ ఒకే యూపీఎస్ మీద ఉంచండి.

ఇక కరెంటు ఖర్చు. ఇలాంటి పెట్టె ఖాళీగా ఉన్నా 55 వాట్లు లాగితే నెలకు దాదాపు 40 యూనిట్లు. స్లాబు మారే ఇంట్లో అది తగులుతుంది. బ్యాటరీ నిలిచే పాత ల్యాప్‌టాప్ దొరికితే దానికే ఓటు: వాట్లు తక్కువ, యూపీఎస్ లోపలే ఉన్నట్టు. రెండో పోర్టుకి యూఎస్‌బీ 3 గిగాబిట్ అడాప్టర్ చాలు, కానీ దాన్ని ఇంటివైపు వాడండి. అది ఊడినా బయటి లైను తెగదు.