ఇంకో ట్యూషనా, స్పెషల్ ఎడ్యుకేటరా, బోర్డు మార్పా: ఏది మేలు?

పిల్లాడు చదువులో వెనకబడ్డాడంటే బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్లో అందరిదీ ఒకటే మాట: "మంచి ట్యూషన్ పెట్టించండి." మేమూ పెట్టించాం. మావాడు నాలుగో తరగతి. లెక్క నేను చదివి వినిపిస్తే పూర్తయ్యేలోపే నోటితో జవాబు చెప్పేస్తాడు. అదే లెక్క వాణ్ణి చదవమంటే మొదటి లైను మీదే వేలు ఆగిపోతుంది. డిక్టేషన్ పుస్తకంలో ఒకే పేజీలో 'బికాజ్' మూడు రకాలుగా రాశాడు, మూడూ తప్పే. "తెలివుంది, బద్ధకం" అని తేల్చేశారు ట్యూషన్ మేడమ్.

కానీ వాడిది బద్ధకం కాదు, డిస్లెక్సియా: తెలివున్నా చదవడం, రాయడం కష్టమవడం. ఇలాంటి పిల్లలకి అక్షరాన్నీ శబ్దాన్నీ జతపరచడం దగ్గరే చిక్కు. బళ్లో ఎక్కనిదాన్నే సాయంత్రం ఇంకో గంట రుద్దితే చెయ్యి నొప్పే మిగులుతుంది.

స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి వేరే పద్ధతిలో నేర్పే టీచర్, మొట్టమొదట పాఠ్యపుస్తకం మూయించారు. మాటను శబ్దాలుగా విడగొట్టించడం, రవ్వ పోసిన పళ్లెంలో అక్షరం వేలితో దిద్దించడం, అంతే. ఖర్చు ట్యూషన్‌ని మించింది, మార్కుల్లో ఇంకా ఏమీ కనపడలేదు. అయినా నా ఓటు దీనికే. పైగా మనవాళ్ల పిల్లలకి ఇక్కడ ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిష్, హిందీ, కన్నడ. తెలుగు, కన్నడ అక్షరాల పోలిక మనకి వరం, మావాడికి మాత్రం శాపం: తలకట్టు ఎటు తిప్పాలో తెలీదు.

డిస్లెక్సియా ఉందో లేదో పరీక్ష చేయించడానికి ఇక్కడే మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. "వీళ్ల నాన్నా ఐదో తరగతి దాకా ఇంతే" అని మా అత్తయ్య తేలిగ్గా అన్న మాట డాక్టరుకి పనికొచ్చింది; ఇది కుటుంబాల్లో వచ్చేదే. ముద్ర పడుతుందని డిస్లెక్సియా సర్టిఫికెట్ వద్దనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, రాసిపెట్టే మనిషినీ అనుమతిస్తారు. ఒక మెలిక: ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఒక్కటే ఉంటే ఆ చట్టం జాబితాలో దానికి విడిగా చోటు లేదు. అలాంటి పిల్లల అమ్మానాన్నలు బడితో ముందే మాట్లాడుకోవాలి.

ఇక బోర్డు మార్పు, అంటే ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, అయిదేళ్లలో తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు. మంచి దారే, కానీ తొమ్మిదేళ్లవాడికి ఇప్పుడే దాని గొడవెందుకు?

ట్యూషన్ మానిపించాం. "మరి హోంవర్కో?" అంది అత్తయ్య. లెక్కలు నేను చదువుతున్నా, వాడు చెబుతున్నాడు.